గంప కింద పాదం

మా పశుపతిగారు డిటెక్టివ్ నవల రాస్తుంటే, ఆఖరి పేజీ తెలిసేదాకా తెనాలి స్టేషన్లో రైళ్ళు కదిలేవి కావు. అబద్ధమైతే నా మీసం తీసేస్తాను. అలాంటాయన దగ్గరికి ఓ పొద్దున శిష్యుడు సుధీంద్ర రాతప్రతి పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చాడు.

"నా హీరోది రాతి గుండె, గురువుగారూ. నలభై హత్యలు కళ్ళార్పకుండా తేల్చాడు. పబ్లిషరేమో, వీడు మనిషిలా లేడు, ఇదే నీకు ఆఖరి అవకాశం అంటున్నాడు. మీ హీరో మాత్రం ఒక్క కన్నీటిచుక్క రాల్చాడా? మరి జనం అతని కోసం ఎందుకేడుస్తారు?"

అంతలో పక్కవీధి నుంచి పిలుపొచ్చింది. గురువుగారు లేచి, సుధీంద్రనీ నన్నూ రమ్మన్నారు.

ఆ ఇంట్లో మంగతాయారు కొడుకు, ఏడేళ్ళవాడు, ముందురోజు కాలవలో పడి చనిపోయాడు. వాణ్ణి సాగనంపాక, పడుకోబెట్టిన చోట రాత్రి బియ్యప్పిండి పరిచి, పైన గంప బోర్లించి, పక్కన దీపం పెట్టారు. తెల్లారి పిండిలో పాదం కనిపిస్తే ప్రాణం ఇంటికొచ్చి వెళ్ళినట్టు. గంప ఎత్తడానికి పెద్దమనిషి కావాలి.

తలుపులన్నీ మూసిన గది. గాలి లేదు. అయినా దీపం ఓ పక్కకి వంగే ఉంది. పులికి మీసాలు దువ్వి పంపినవాణ్ణి నేను. నాకే వెన్ను చల్లబడింది.

"పాదం పడకపోతే పిల్లాడు అలిగి పోయినట్టే," అంది అత్తగారు, కోడలి వైపు చూడకుండా. "పోయేముందు కొట్టింది మరి."

గురువుగారు గంప ఎత్తారు.

పిండిలో చిన్న పాదం. అయిదు వేళ్ళూ.

అత్తగారు కూలబడి ఏడ్చింది. అందరి కళ్ళూ పిండి మీదే. సుధీంద్ర కళ్ళు మాత్రం మెరిశాయి. కృష్ణాష్టమికి పిడికిలి అద్ది వేసే అడుగు అది. తల్లి కుడిచేతికి, చిటికెనవేలి పక్కన, ఇంకా తెల్లగా పిండి ఉంది. వాడు నోరు తెరిచాడు.

అప్పటికే గురువుగారు ఆవిడ ముందు కూర్చున్నారు. ఓదారుస్తున్నట్టు ఆ చెయ్యి అందుకుని, కండువాతో మెల్లగా తుడిచారు. వేళ్ళ సందులు కూడా.

"వచ్చాడా, బాబాయిగారూ?" అని అడిగిందావిడ. నిజంగా తెలియనట్టే అడిగింది.

"వచ్చాడమ్మా."

దీపం ఆవిడ వైపు తిరిగింది. నేను చూశాను.

బయట ఎండలోకి వచ్చాక సుధీంద్ర ఆగలేకపోయాడు. "గురువుగారూ, ఆ పాదం ఆవిడే..."

"తెలుసు."

పిండి అంటిన కండువా మడిచి వాడి భుజాన వేశారు.

"నీ హీరోకివ్వు. దులపనీకు."