అచ్చియ్యమ్మ వాటా

నేను ఇంతకు ముందు ఏదీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతి దాకా బడిలో కూర్చున్నాను, ఆ తర్వాత బలపం పట్టలేదు. ఈ కథ మా ఏటి మొగ దగ్గర అందరికీ తెలిసిందే. చెప్పేవాళ్లున్నారు గానీ రాసినవాళ్లు లేరు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

సముద్రం ఇంకా ఊరికి ఇంత దగ్గరకు రాని కాలం. తాతల తాతలు ఇంకా పుట్టని కాలం. ఏరు సముద్రంలో కలిసే చోట ఒక పల్లె, పల్లె పక్కన మడ అడవి. ఉప్పునీళ్లలో నిలబడి, వేళ్లన్నీ బురద మీద చాపుకుని ఉండే చెట్లవి. ఆ వేళ్ల సందుల్లోనే రొయ్యపిల్ల పెరుగుతుంది, చేపపిల్ల పెరుగుతుంది, పీతపిల్ల పెరుగుతుంది. కాస్త ఒళ్లొచ్చాక సముద్రంలోకి పోతాయి.

ఆ పల్లెలో అచ్చియ్యమ్మ ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు, పడవ లేదు. మడలో కట్టెలు కొట్టి సున్నం బట్టీకి మోసేది. మోపుకు తవ్వెడు నూకలు. అలాంటి ఆడవాళ్లు ఇంకా కొందరుండేవారు. మొదట ఎండుపుల్లలు ఏరారు. అవి అయిపోతే కొమ్మలు కొట్టారు. అవీ అయిపోతే మొదళ్లు కొట్టారు.

మడ పలచబడింది. వల తేలికపడింది. ఎందుకో ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసి ఏం చేస్తారు? పొద్దుగూకేసరికి పొయ్యి మీద ఎసరు పడాలి కదా.

ఆ పల్లెలో ఒక కట్టుబాటుంది. పడవ ఒడ్డుకు రాగానే చేపలు ఇసక మీద కుప్పలు పోసి పంచుతారు. పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. పంచేది సరంగు నూకరాజు, పడవ అతనిదే. కుప్పలు సరిచూసేది అతని భార్య మరిడమ్మ. ఆవిడ నోటికి జడిసి కాకులు కూడా దూరంగా వాలేవి.

ఒకరోజు అచ్చియ్యమ్మ పచ్చి చెట్టు మీద కత్తి వేసింది. వేటు పడగానే వేళ్లను పట్టుకున్న రొయ్యపిల్లలు నీళ్లలో చెల్లాచెదురైపోయాయి. గోరంతైనా లేవు. ఆవిడకు మళ్లీ చెయ్యి లేవలేదు. మోపు కట్టకుండానే రేవుకొచ్చింది.

"పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా," అంటున్నాడు నూకరాజు.

"మడకేదీ వాటా?" అంది అచ్చియ్యమ్మ.

రేవంతా నవ్వింది. "మడ వచ్చి తెడ్డేసిందా అక్కా?" అన్నాడు నూకరాజు.

"పడవ ఏం తెడ్డేసింది తమ్ముడూ? వల ఏం చెమటోడ్చింది? వాటికెందుకిస్తున్నావు?"

"బాగుంది! పడవ పుచ్చితే చెక్క మార్చుకోవద్దా? వల చిరిగితే అల్లుకోవద్దా?"

"మడ కూడా చిరుగుతోంది. దాన్ని దేంతో అల్లుతావు?"

నవ్వులు ఆగాయి. కానీ ఆ రోజు పడిన చేపలే కొంచెం. ఎవరి కుప్ప వాళ్లు ఎత్తుకుని పోయారు.

రెండోసారి వలలో పడేది సగానికి సగం తగ్గింది. "మడకేదీ వాటా?" అని మళ్లీ అడిగింది. నూకరాజు వేళాకోళానికి దోసెడు చేపలు మడ మొదట్లో పోయించాడు. కాకులు తిన్నాయి, కొంగలు తిన్నాయి, నక్కలు తిన్నాయి.

"నీ మడకు ఆకలి లేదక్కా," అన్నాడు.

మూడోసారి వలలో నాచు తప్ప ఏమీ లేదు. "మడకేదీ వాటా?" అంటే ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మడ చేపలు తినదు కదక్కా," అన్నాడు నూకరాజు నీరసంగా. "రేపు పడినదాంట్లో వాటా తీసినా ఎవరికియ్యను?"

"కత్తి కింద పెట్టినవాళ్లకియ్యి. బట్టీవాడు నూకలు పోస్తున్నాడు కాబట్టి కొడుతున్నాం. ఆ కూడేదో మీరే పెడితే కొట్టం. చెట్టు నిలబడితే మీ వలే నిండుతుంది."

మరిడమ్మ చేతులు తిప్పింది. "విన్నారా! పేరు మడది, నోరు మా వదినది. కూర్చుని తినడానికి ఎంత ఎత్తు వేసిందో!"

అచ్చియ్యమ్మ ముఖం మాడిపోయింది. నడుముకున్న కత్తి తీసి ఇసకలో పడేసింది. "నా వంతు నాకొద్దు. మిగతావాళ్లకు పెట్టండి," అంది.

అలా, మర్నాడు పడిన కాసిని చేపల్లోనే ఆ వాటా మొదలైంది. పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా, మడకో వాటా. కట్టెల ఆడవాళ్లు ఆ చేపలు ఎండబెట్టి, మెరక ఊళ్లలో ధాన్యానికి మార్చుకున్నారు. బట్టీకి మోపులు ఆగాయి. బట్టీ షావుకారు కబురు మీద కబురు పంపాడు. చివరికి తనే వచ్చాడు.

"మోపుకు రెండు తవ్వలిస్తాను," అన్నాడు.

"మాకు గడుస్తోంది బాబూ," అన్నారు ఆడవాళ్లు.

"నీకు వాటా లేదటగా, నువ్వైనా కొట్టు," అన్నాడు అచ్చియ్యమ్మతో.

ఆవిడ పొద్దున్నించి ఏమీ తినలేదు. అయినా, "నేనొక్క కొమ్మ కొడితే వీళ్లంతా కత్తులు తీస్తారు బాబూ. వెళ్లిరండి," అంది.

వలల్లో చిక్కిన నాచు ఏరిపెడితే ఎవరో ఒకరు గంజి పోసేవారు. ఉన్నపూట తాగేది, లేనిపూట కొంగు బిగించుకునేది. మరిడమ్మ మాత్రం దెప్పడం మానలేదు. "చాటుమాటుగా వాళ్లు పెట్టరా, ఈవిడ తినదా?" అనేది.

ఏళ్లు గడిచాయి. మడ లేచింది. రొయ్య వచ్చింది, పీత వచ్చింది, పండుగొప్ప వచ్చింది. వల లాగలేక మగవాళ్లు రొప్పుతున్న రోజుల్లో అచ్చియ్యమ్మ కన్ను మూసింది.

కడసారి స్నానం చేయించడానికి ఆడవాళ్లు వెళ్లారు. అందరికన్నా ముందు మరిడమ్మ లోపలికి వెళ్లి, నిలబడిపోయింది. ఏదో తేడాగా ఉంది. చూరు చూసింది, ఎండుచేప లేదు. కుండ చూసింది, ఉప్పుచేప లేదు. తట్ట చూసింది, పొలుసైనా లేదు. అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో చేపల వాసనే లేదు. ఆ పల్లె మొత్తంలో చేపల వాసన లేని ఇల్లు అదొక్కటే.

కడసారి స్నానానికి మొదటి చెంబు మరిడమ్మే పోసింది.

ఇప్పటికీ మా వైపు రేవుల్లో పోసే మొదటి కుప్పను అచ్చియ్యమ్మ వాటా అంటారు. ఎవరైనా విత్తనాలు కూడా వండుకు తినేస్తున్నా, చూలు ఆవును అమ్మేస్తున్నా, "అచ్చియ్యమ్మ వాటా తీశావా?" అని అడుగుతారు. ఆ కుప్ప అన్నిటికన్నా ముందు పోయడం మాత్రం ఆవిడను సాగనంపిన మర్నాడే మొదలైంది.

ఆ పొద్దున్న పడవ నిండుగా వచ్చింది. "మడ లేచింది. అడిగే మనిషీ పోయింది. ఇంకా ఆ వాటా ఎందుకు?" అన్నాడు నూకరాజు. మగవాళ్లంతా తలలూపారు.

మరిడమ్మ కుచ్చెళ్లు దోపుకుని లేచింది. పడవ కుప్ప పోయకముందే, వల కుప్ప పోయకముందే, మనుషుల కుప్పలు పోయకముందే, రెండు చేతులా రొయ్యలు తోడి ఇసక మీద పోసింది.

"ఇది మా వదినది," అంది. "ముందు ఇది. తర్వాతే నీ పడవ."

ఆ కుప్పను తట్టకెత్తి, తన నెత్తిన తనే పెట్టుకుని, కట్టెలు మానుకున్న ఆడవాళ్ల గుడిసెల వైపు నడిచింది. తట్టలోంచి నీళ్లు చెంపల మీదుగా కారుతున్నాయి. తుడుచుకోలేదు.