శాస్త్రులవారి నిండు విందు

నందిమెట్ట రాజు విజయప్పగారికి ఆ పూట వేళకు తాంబూలం అందలేదు. ఇంకేముంది, కొంప మునిగింది.

తాంబూలం అందించేవాడు పేరన్న. అతని భార్య పోలమ్మ ఊరికంతటికీ మంత్రసాని. కాన్పు కబురొస్తే చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తాల్సిందే. అలాంటి రోజుల్లో నలుగురు పిల్లలకు నీళ్ళుపోసి, వండి, తినిపించి కొలువుకు రావడం పేరన్న వంతు. ఆ రోజు పొద్దెక్కాక వచ్చాడు. భుజంమీద చంటిది కక్కిన పాల మరక ఇంకా ఆరలేదు.

కొలువులో త్రివిక్రమశాస్త్రి అనే మహానుభావుడున్నాడు. ఏడో ఏట కాశీ వెళ్ళి నలభయ్యో ఏట తిరిగొచ్చాడు. తెలుగు కూడా నిఘంటువులోంచి తీసి మాట్లాడతాడు. ఘోటక బ్రహ్మచారి. సత్రాల్లో తిన్నాడు, రాజుల ఇళ్ళల్లో తిన్నాడు. ఎక్కడ తిన్నా విస్తరి ముందు కూర్చోవడమే తప్ప వంటింటి గడప తొక్కిన పాపాన పోలేదు. అంతటివాడు ఇల్లాళ్ళకు బుద్ధి చెప్పకుండా ఊరుకుంటాడా? ఇల్లు ఎలా నడపాలో వివరిస్తూ ‘గృహకృత్య శిరోభూషణం’ అని మూడువందల తాటాకులు నింపాడు.

“ప్రభూ, ఇంటిపని కూడా ఒక పనేనా?” అన్నాడు శాస్త్రి. “నా గ్రంథం ప్రకారం చేస్తే గడియలో ముగుస్తుంది. వీడు గరిటె పట్టుకుని కాలక్షేపం చేస్తున్నాడు. ఇలాంటి ఆడంగివాడికి కొలువెందుకు?”

రాజుకు అసలే నోరు పిడచకట్టుకుపోయి ఉంది. “నిజమే. ఇంట్లో కూర్చుని చేసేదేముంది? పేరన్నా, రేపట్నించి నువ్వు రానక్కర్లేదు.”

కొలువు పోతే నలుగురు పిల్లల నోళ్ళు ఎండుతాయి. అయినా పేరన్న చేతులు కట్టుకుని అన్నాడు.

“చిత్తం. ఒక్క మనవి ప్రభూ. ఆ గ్రంథం నేనూ చదివాను, పొయ్యిమీద పప్పు ఉడికేలోగా. చాలా గొప్పది. పదిరోజులు తమ వంటశాల శాస్త్రులవారికే అప్పగించండి. అంతా గ్రంథంలో ఉన్నట్టే జరగాలి. విందు ఏ రోజు పెట్టాలో కూడా గ్రంథమే చెప్పాలి. తమరు తృప్తిగా భోంచేస్తే నేను సెలవు తీసుకుంటాను.”

“చెయ్యకపోతే?”

“నేను ఆలస్యంగా వచ్చిన రోజున తమరు ఎందుకని అడక్కూడదు.”

రాజుకు పందెమంటే ప్రాణం. ఒప్పుకున్నాడు. శాస్త్రికి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

వంటశాలలో సరుకులుండే ఉగ్రాణం తాళాలు ముత్యాలమ్మ అనే పెద్దావిడ దగ్గరుంటాయి. మొదటిరోజే శాస్త్రి ఆవిడతో, “చింతపండు రసం పప్పులో ముందే పోసి పొయ్యెక్కించు. ఒకే నిప్పుకు రెండు పనులు” అన్నాడు.

“పులుపు ముందే తగిలితే పప్పు ఉడకదు శాస్త్రులుగారూ. మెత్తబడ్డాకే పోయాలి.”

“గ్రంథంలో ఉంది. నోరుమూసుకుని పొయ్యి!”

పొద్దుగూకేదాకా పప్పు గులకరాళ్ళలాగే ఉంది. తప్పు కందులదని శాస్త్రి తేల్చేశాడు. అక్కడ వండే ఇంకో ఆవిడ పసిపిల్ల గుక్కపెడితే ఎత్తుకోవద్దు, శ్లోకం చదవమన్నాడు. పిల్ల ఇంకో రెండిళ్ళకు వినిపించేలా ఏడ్చింది.

మూడోరోజు తాటాకు తీసి, విందు సంగతి గంభీరంగా చదివాడు. “ఉగ్రాణమున బియ్యమును, పప్పును, నేయియు నిండుకొనిన దినమున బంధుమిత్రులను బిలిచి విందు సేయవలెను.”

ముత్యాలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “నిండుకున్న రోజునా!”

“చెవుడా? మూడూ నిండుకోగానే వచ్చి చెప్పు. అందాకా ఉగ్రాణం ఊసు నా దగ్గర ఎత్తొద్దు.”

ఆవిడ గుమ్మంలో నిలబడ్డ పేరన్న వంక చూసింది. పేరన్న దూలాలు లెక్కపెడుతున్నాడు.

ఎనిమిదోనాడు ఆవిడ వచ్చి చెప్పింది. “బియ్యం నిండుకున్నాయి శాస్త్రులుగారూ. పప్పు నిండుకుంది. నెయ్యీ నిండుకుంది.”

శాస్త్రి ఎగిరి గంతేశాడు. “చూశావా నా ఏలుబడి! వారం రోజులు కోటంతా తిన్నా నిండుకుంది!” అని అప్పటికప్పుడు రాజునీ, నలభైమంది పెద్దల్నీ భోజనానికి పిలిచాడు.

విస్తళ్ళు వేశారు. నీళ్ళు చల్లారు. ఉప్పు వడ్డించారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. రాజు ఉప్పు వంక చూశాడు, ఉప్పు రాజు వంక చూసింది.

“వడ్డన ఏదీ?” అని శాస్త్రి కేకపెట్టాడు.

ముత్యాలమ్మ కొంగు భుజంమీదుగా కప్పుకుని వచ్చింది. “ఏం వడ్డించమంటారు? అన్నీ నిండుకున్నాయని పొద్దున్నే చెప్పానుగా.”

“నిండుకుంటే వడ్డించడానికేం రోగం? ప్రభూ, ఈవిడ పిసినారితనం చూడండి! బియ్యం నిండుకున్నాయని తన నోటితోనే ఒప్పుకుంటోంది. అందుకేగా నేను తమర్ని పిలిచింది!”

రాజు పేరన్నను దగ్గరకు రమ్మని సైగచేసి చెవిలో అడిగాడు. “ఒరే, వీడికి నిజంగానే తెలీదా?”

“లక్ష్మి తిరిగే ఇంట్లో ‘లేవు’ అనడానికి నోరాడక ఆడవాళ్ళు అనే మాట ప్రభూ అది. ఆ మాట చెవిన పడాలంటే వంటింట్లో కాసేపైనా నిలబడాలి. తాటాకుల్లో దొరకదు.”

రాజు పెదవి బిగబట్టాడు. చేతి బంగారు కడియం తీసి పేరన్న చేతికి తొడిగాడు. “నీ కొలువు నీదే. పోలమ్మకు పిలుపొచ్చిన రోజున నా తాంబూలం నేనే చుట్టుకుంటాను. మరి, మన శాస్త్రులవారి పాండిత్యం గురించి కూడా ఒక్క మాట చెప్పు. అందరికీ వినబడేలా చెప్పు.”

పేరన్న వినయంగా తలవంచాడు.

“ఏం చెప్పమంటారు ప్రభూ! శాస్త్రులవారి బుర్రలో జ్ఞానం పూర్తిగా నిండుకుంది.”

శాస్త్రి ముఖం మతాబులా వెలిగింది. “ఇప్పటికైనా ఒప్పుకున్నాడు!” అంటూ ఉత్తరీయం సర్దుకుని సభకు నమస్కారం పెట్టాడు. నలభైమందీ పొట్టలు పట్టుకుని విస్తళ్ళమీదికి ఒరిగిపోయారు. రాజు ఆకలి సంగతే మరిచి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.