అమ్మియమ్మ పోసిన గంజి

ఎన్ని తరాల వెనకటి మాటో ఇది. రోమా చక్రవర్తులు ఏలే రోజుల్లో సముద్రపొడ్డున ఒక ఊరుండేదట. ఊరి చుట్టూ రాతి గోడ, గోడకి ఒకటే వాకిలి. ఆ ఊళ్లో అమ్మియ అని ఒక విధవరాలు ఉండేది. పొలం లేదు, పుట్ర లేదు. బార్లీ గంజి కాచి రేవులో కూలీలకి పోసేది. అదే ఆమె బతుకు.

ఆమె భర్త క్రీస్తును నమ్మినవాడు. ఆ నమ్మకమే నేరమైన కాలం అది. వాకిలి కాసే ద్రూసు అతని రెక్కలు విరిచి కట్టి సైనికులకి అప్పగించాడు. పోయినవాడు మళ్లీ రాలేదు. రేవుకి పోవాలంటే ఆ వాకిలి దాటాల్సిందే. ద్రూసు మొహం కనబడినప్పుడల్లా అమ్మియకి కడుపు రగిలిపోయేది.

"ప్రభువా, వీణ్ణి క్షమించమంటావు. నా వల్ల కావడం లేదయ్యా" అని ఏడ్చుకునేది.

అలా ఉండగా ఊరి మీద పెద్ద జబ్బు వచ్చి పడింది. జ్వరం తగిలినవాళ్లని తగిలినట్టే తీసుకుపోయి వాకిలి బయట ఇసుకలో పడేశారు. కన్నతల్లిని కొడుకు పడేశాడు. పెళ్లాన్ని మొగుడు పడేశాడు. గోడ అవతల "దాహం, దాహం" అని మూలుగుతుంటే ఊరు ఊరంతా చెవులు మూసుకుంది.

అమ్మియ మూసుకోలేకపోయింది. కుండ నెత్తిన, బార్లీ మూట చంకన పెట్టుకుని వాకిలి దగ్గరికొచ్చింది.

"బయటికి పోతే మళ్లీ రానివ్వను" అన్నాడు ద్రూసు.

"సరే అయ్యా, తలుపు తియ్యి."

"చచ్చిపోతావు."

"సరే అయ్యా, తలుపు తియ్యి."

"పూడ్చే దిక్కు కూడా ఉండదు."

"సరే అయ్యా, తలుపు తియ్యి."

తీశాడు. ఆమె పోయింది.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన పుల్లలేరి గంజి కాచింది. ఒక్కొక్కరి తల ఒళ్లో పెట్టుకుని తాగించింది. కొందరు ఆ ఒళ్లోనే కన్ను మూశారు. చాలామంది లేచి కూర్చున్నారు. బార్లీ అయిపోతే రేవు కూలీలు దూరాన బస్తాలు దించి పోయేవారు.

పదో రోజున ఇంకొకణ్ణి ఇసుకలో పడేశారు. చూస్తే ద్రూసు!

మొదటిసారి అతన్ని దాటిపోయి పక్కవాడికి పోసింది. రెండోసారీ దాటిపోయింది. మూడోసారి దాటలేకపోయింది. పక్కన కూలబడింది.

"నేనెవరో తెలుసా?" అన్నాడు ద్రూసు.

"తెలుసు. నోరు తెరువు."

"నీ మొగుణ్ణి నేనే..."

"తెలుసన్నాను కదా. చల్లారిపోతుంది, తాగు."

అతను తాగి ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. ఏళ్ల తరబడి రగిలిన కడుపు ఆ పూట చల్లబడింది.

ద్రూసు లేచాడు. అమ్మియ జ్వరంతో పడింది. ఇప్పుడు అతనే పొయ్యి రాజేసి, గంజి కాచి ఆమెకి పోశాడు.

"అడుగంటింది. కలుపుతూ ఉండాలయ్యా" అని నవ్వి, రెండు గుక్కలు తాగింది. మూడో గుక్క దిగలేదు.

ఆమె బతికించినవాళ్లంతా చేతుల్తోనే ఇసుక తవ్వి ఆమెను పడుకోబెట్టారు. అందరికంటే ముందు తవ్వింది ద్రూసు. తర్వాత అతను వాకిలి తలుపులు ఊడబీకి, ఆ చెక్కలతో రోగులకి మంచాలు చేయించాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరికైనా జ్వరం తగ్గితే ఆ ఇంట్లో బార్లీ గంజి కాస్తారు. తాము మాట్లాడటం మానేసిన వాళ్లింటికి మొదటి గిన్నె పట్టుకుపోతారు. గడపలో నిలబడి "అమ్మియమ్మ పంపింది" అంటారు. ఆ మాట విన్నాక గిన్నె అందుకోనివాళ్లు ఇంతవరకూ లేరట.