మాచమ్మ గాలిచెక్క

అనగా అనగా, పిల్లలూ, సముద్రం ఒడ్డున అలలవాడ అని ఒక ఊరు. ఆ ఊళ్లో సగం మంది చేపల వేటకు పోయి బతికేవాళ్లు. మిగతా సగం ఆ చేపలు అమ్ముకుని బతికేవాళ్లు.

అక్కడ మాచమ్మ అనే వడ్రంగి ఉండేది. భర్త పోయాక అతని ఉలీ బాడిసా తనే అందుకుంది. మూడేళ్లు తంటాలు పడి ఒక గాలిచెక్క చేసింది. జానెడు వెడల్పు చెక్క, దాని చీలికల్లో ఏడు సన్నని కంచు రేకులు. కిటికీ పైభాగాన బిగిస్తే మామూలు గాలికి కిక్కురుమనేది కాదు. సముద్రంలో తుఫాను పుట్టి తూర్పు గాలి బరువెక్కితే మాత్రం తుమ్మెదల గుంపులా మోగేది. మబ్బు కనిపించడానికి మూడు గడియల ముందే మోగేది.

మోత వినగానే ఆడవాళ్లు ఒడ్డుకు పరిగెత్తి, మంటలు వేసి, వాటి మీద పచ్చి ఆకులు కప్పేవాళ్లు. ఒక పొగ కాదు, నలభై పొగలు. నడిసముద్రంలో ఉన్న మగవాళ్లు వాటిని చూసి పడవలు తిప్పేసేవాళ్లు.

ఆ ఊళ్లో ఏ సరుకు మంచిదో చెప్పేవాడు గుండయ్య. ప్రతి పున్నమికీ సంతలో రాతి అరుగెక్కి తన తాటాకు జాబితా చదివేవాడు. ఆయన చదివింది జనం కొనేవాళ్లు. చదవనిది ముట్టేవాళ్లు కాదు. గాలిచెక్క జాబితాకెక్కింది. ఇంటింటికీ చేరింది.

తిప్పశెట్టి అనే వ్యాపారి దాన్ని చూశాడు. రేకులు చెయ్యడం కష్టం, చెక్క కొయ్యడం తేలిక. కాబట్టి రేకులు వదిలేసి ఉత్త చెక్కలు కోయించాడు. వాటి మీద పెద్ద అక్షరాలతో తన అంగడి పేరు చెక్కించాడు. అతన్ని చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు. నెల తిరిగేసరికి రెండు వందల రకాల చెక్కలు. అచ్చు ఒక్కటే, పేర్లే వేరు.

గుండయ్య అన్నిటినీ రాసుకున్నాడు. పక్క ఊరి జాబితాలో తొమ్మిది వందల సరుకులున్నాయి. తనది దాన్ని మించాలని ఆయన కోరిక. "జాబితా పొడుగైతే ఊరికి పేరు" అనేవాడు.

ఊరికి పేరొచ్చింది. ఇళ్లకు మాత్రం వెలుతురు పోయింది. ప్రతి కిటికీకీ నాలుగేసి చెక్కలు, ఐదేసి చెక్కలు. ఒకసారి రాజుగారు వచ్చి విడిదిలో దిగారు. సముద్రం చూద్దామని కిటికీ దగ్గర నిలబడితే తిప్పశెట్టి అంగడి పేరు తప్ప ఏమీ కనపడలేదు.

"ఇది కిటికీయా, గోడా?" అని రాజుగారు మండిపడ్డారు.

గుండయ్యకు భయం పట్టుకుంది. ఆ పున్నమికి అరుగెక్కి, "ఇక మీదట కిటికీ చెక్క అన్నది ఏదీ నా జాబితాలో ఉండదు" అన్నాడు.

చెక్కలు చేసేవాళ్లు గోల పెట్టారు. "మా పొట్ట కొట్టావు!" అని ఒకడు. "కిటికీలు చిన్నవి కట్టుకుని మా చెక్కల్ని అంటారేం?" అని ఇంకొకడు.

మాచమ్మ గోల పెట్టలేదు. అరుగు దగ్గరకు వెళ్లి, "గుండయ్యగారూ, నా చెక్క మోగుతుంది. వాళ్లవి మోగవు. ఒక్కసారి గాలికి పెట్టి వినండి" అంది.

"రెండు వందల చెక్కలమ్మా! ఒక్కొక్కటీ వింటూ కూచుంటే సంత ఎవరు నడుపుతారు? నాకున్నవి రెండే చెవులు."

"రాసుకునేటప్పుడు విన్నారా?"

గుండయ్య తాటాకులు సర్దుకున్నాడు.

జనం తమ ఇళ్లలోని చెక్కలు పీకేశారు. మోగేవీ పీకారు, మోగనివీ పీకారు. మాచమ్మ పక్కింటి ఎల్లమ్మ మొగుడు సత్తెయ్య, గాలిచెక్కను కోళ్లగూటికి తలుపుగా బిగించాడు.

"ఏం చెయ్యనక్కా, జాబితాలో లేంది ఇంటికెందుకంటాడు" అంది ఎల్లమ్మ.

రెండో పున్నమి వచ్చింది. తిప్పశెట్టి అవే చెక్కలకు అంచున రంగు పూసి తెచ్చాడు. "ఇది చెక్క కాదు స్వామీ, కిటికీ కిరీటం" అన్నాడు. నిషేధం చెక్కల మీదే కదా! గుండయ్య కిరీటాన్ని రాసుకున్నాడు.

తిప్పశెట్టి మాచమ్మకు సలహా కూడా ఇచ్చాడు. "నువ్వూ నీ చెక్కకు పేరు మార్చవే అక్కా. ఇంత పనితనం ఉండి ఈ బెట్టు దేనికి?"

"చెక్కను చెక్క కాదని నేను అబద్ధమాడితే, అది మోగినప్పుడు నిజమని ఎవరు నమ్ముతారు?" అంది మాచమ్మ. తిప్పశెట్టి పడీ పడీ నవ్వాడు.

మూడో పున్నమికి జనం, ఇళ్లు మళ్లీ చీకటయ్యాయని కిరీటాల మీద ఫిర్యాదు చేశారు. కిరీటాలూ జాబితాలోంచి పోయాయి. తిప్పశెట్టి ఈసారి తలుపులు అమ్మాడు. తలుపు బిగించడానికి వచ్చిన అతని మనుషులు, అడక్కుండానే కిటికీకి చెక్క కూడా కొట్టిపోయారు. జాబితాలో ఉన్నది తలుపే కాబట్టి గుండయ్యకు తప్పు పట్టే దారి దొరకలేదు.

నాలుగో పున్నమికి తిప్పశెట్టి ఏమీ తేలేదు. అరుగు ముందు నిలబడి, "నిషేధం వల్ల ఊరు బాగుపడింది. చెక్కల మోసాలన్నీ నాకు తెలుసు, నన్ను కావలి పెట్టండి" అన్నాడు. గుండయ్య పొంగిపోయి పెట్టాడు. ఆ రోజే మాచమ్మ మళ్లీ తన చెక్క తెచ్చింది. తిప్పశెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "చెక్కే" అని పక్కకు పడేశాడు.

కార్తీకం వచ్చింది. ఒక పొద్దున ఎండ నిగనిగలాడుతోంది. పడవలన్నీ వేటకు వెళ్లాయి. సత్తెయ్య పడవా వెళ్లింది.

మాచమ్మ కిటికీకి ఉన్న చెక్క మోగింది.

ఊళ్లో మోగింది అదొక్కటే. కోళ్లగూడు గోడ చాటున ఉంది, అక్కడికి గాలి చేరదు. మాచమ్మ వీధిలోకి పరిగెత్తి, "తుఫాను! పొగలు వెయ్యండే!" అని ఇంటింటి తలుపూ కొట్టింది.

జనం ఆకాశం చూశారు. మబ్బు తునక లేదు. "మళ్లీ చెక్కలు అమ్ముకోడానికి బయల్దేరింది" అన్నారు.

ఎల్లమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగింది. "నిజమేనా అక్కా?"

"నా చెక్క ఎప్పుడైనా అబద్ధం చెప్పిందా?"

ఎల్లమ్మ ఆలోచించింది. వీధిలో అందరూ నవ్వుతున్నారు. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మాచమ్మ ఒక్కతే ఒడ్డున మంట వేసి పచ్చి ఆకులు కప్పింది. ఒక్క పొగ లేచింది. నడిసముద్రంలో సత్తెయ్య దాన్ని చూసి, "ఎవరో చేపలు కాల్చుకుంటున్నారు" అని వల విసిరాడు.

మూడు గడియల్లో ఆకాశం నల్లబడింది. పదకొండు పడవలు తిరిగి రాలేదు. అందులో సత్తెయ్యదీ ఒకటి.

తర్వాతి పున్నమికి గుండయ్య తల వంచుకుని అరుగెక్కాడు. జాబితాలో అన్నిటికన్నా ముందు "మాచమ్మ గాలిచెక్క" అని చదివాడు. అరుగు దిగి ఆమె ఇంటికి వెళ్లి, "నీదే గెలుపు తల్లీ" అన్నాడు.

మాచమ్మ ఉలి దించలేదు. "ఈ మాట ఎల్లమ్మ గుమ్మంలో నిలబడి చెప్పిరండి" అంది.

గుండయ్య వెళ్లలేకపోయాడు.

ఆ వారంలోనే తిప్పశెట్టి అంగట్లో కొత్త సరుకు వచ్చింది. దాని మీద "అసలైన మాచమ్మ గాలిచెక్క" అని పెద్ద అక్షరాలు. గుండయ్య జాబితాలో చదివిన పేరే కదా అని జనం బారులు తీరి కొన్నారు. ప్రతి కిటికీకీ ఒకటి బిగించుకున్నారు. వాటిలో రేకులు లేవు.

మంచీ చెడూ వేరుచేసే ఓపిక లేనివాడు రెంటినీ పారేసి న్యాయం చేశాననుకుంటాడు. ఆ తప్పుకు మునిగేది వాడు కాదు, పడవలో ఉన్నవాడు.