పిలుపులమ్మ కొండ

శంఖవానిపాలెం రేవుకు ఎగువన, ఎర్రమట్టి కొండపై వెలసిన గంగాలమ్మ తల్లిని భక్తులు పిలుపులమ్మ అని కొలుస్తారు. అమ్మవారి ముఖం ఊరి వైపు కాక సముద్రం వైపు ఉంటుంది. ఏటా చైత్రంలో మూడు రోజులు తీర్థమనే జాతర జరుగుతుంది. తల్లికి ఈ పేరు వచ్చిన కథ ఇది.

పూర్వం ఇక్కడ ఇంగ్లీషు కుంఫిణీ ఏలుబడి సాగే రోజుల్లో హార్విల్ దొర అనే కలెక్టరు ఉండేవాడు. పద్దెనిమిదో ఏట చెన్నపట్నంలో గుమాస్తాగా కొలువులో చేరి, పండితుల వద్ద తెలుగు నేర్చి, మరో ఇరవై ఏళ్లకు ఈ జిల్లా అధికారి అయ్యాడు. భార్య విషజ్వరంతో ఇక్కడే కన్నుమూసింది. ఆరేళ్ల కూతురు ఎలినార్‌ను ఇంగ్లండులోని మేనత్త వద్దకు ఓడ ఎక్కించాడు. నాటి నుంచి కచేరీ పని ముగిశాక రోజూ ఈ కొండెక్కి, గుడి ముందరి రాతిపై కూర్చుని ఓడల దారి చూసేవాడు.

అమ్మకు దీపం పెట్టే జాలరి ముసలమ్మ పైడమ్మ, ఎవరి కోసమని ఒకనాడు అడిగింది. దొర చెప్పాడు. బిడ్డ పేరు పైకి పలికి ఏడాది దాటిందనీ చెప్పాడు.

"లోపల దాసుకోకండి బాబూ. అమ్మ ముందర నిలబడి పేరెట్టి పిలవండి. ఆ తల్లి ఇంటాది" అంది పైడమ్మ.

దొర లేచి సముద్రం వైపు తిరిగాడు. గట్టిగా "ఎలినార్" అని పిలిచాడు. ఆ పిలుపు ఏళ్ల తరబడి ప్రతి సాయంత్రం పల్లెకు వినిపించేది.

కూతురిని పంపిన పన్నెండో ఏట ఆయనకు ఇంగ్లండు వెళ్లేందుకు సెలవు దొరికింది. పెట్టెలు ఓడకు చేరిన వారంలోనే ఉప్పెన వచ్చి తీరంలోని పల్లెలను ఊడ్చేసింది. దొర పెట్టెలు దింపించాడు. ఇప్పుడు రాలేనని కూతురికి ఉత్తరం రాసి, గంజి కేంద్రాలు తెరిపించి, ఉప్పునీరు నిండిన బావులు తోడిస్తూ పల్లెల్లోనే తిరిగాడు. మరుసటి ఏడు ఆ పనిలో ఉండగానే జ్వరం తగిలి మరణించాడు.

ఉత్తరం అందిన ఎలినార్ తానే బయలుదేరింది. తండ్రి పోయిన మూడు నెలలకు ఆమె ఓడ రేవు చేరింది. తండ్రి లేడని రేవు అధికారి చెప్పాకే ఆమెకు తెలిసింది. ఇసుకలో దిగిన ఆమెకు అక్కడ తెలిసినవారు లేరు, చిన్ననాటి భాష గుర్తులేదు. జనంలోంచి పైడమ్మ ముందుకు వచ్చి, దొర కళ్లను ఆ ముఖంలో పోల్చుకుని, "ఎలినారమ్మా" అంది. తన పేరు ఆ ముసలి నోట విని ఆ అమ్మాయి అక్కడే కూలబడి ఏడ్చింది.

పైడమ్మ చేయి పట్టి కొండెక్కించింది. తండ్రి కూర్చున్న రాతిపై ఎలినార్ పొద్దు వాలేదాకా కూర్చుని, చివరకు లేచి సముద్రం వైపు తిరిగి తన భాషలో నాన్నను పిలిచింది.

నేటికీ దూరాన ఉన్నవారి కోసం, తిరిగి రానివారి కోసం భక్తులు ఆ రాతిపై నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. పూజారి గోత్రం అడగకుండానే ఆ పేరు సంకల్పంలో చేర్చి, పసుపునీళ్లు అలల వైపు చల్లుతారు. పిలిచిన వారి గుండె బరువును తల్లి దించుతుందనీ, దూరాన ఉన్నవారికి ఆ పిలుపు చేరుస్తుందనీ ఈ తీరం వారి నమ్మకం.