దీనమ్మ గారెలు వెయ్యని క్రిస్మస్

మా చర్చి పాస్టరు బర్నబా అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. చింతపండులో గింజలు తియ్యమనేవారు, లేకపోతే చిక్కుడుకాయల ఈనెలు తియ్యమనేవారు. ఆ పని అయ్యేలోగా సగం మంది ప్రశ్న మరిచిపోయి వెళ్ళిపోయేవాళ్ళు. భార్య, మా అమ్మగారు, పోయిన దగ్గర్నుంచీ ఆయన వంట ఆయనే చేసుకునేవారు, చర్చి పక్క గదిలో, ఊక పొయ్యి మీద. గ్యాసు పొయ్యి కొనిస్తామని సంఘ పెద్దలు ఎన్నిసార్లు అడిగినా వద్దన్నారు. దాన్ని కొందరు భక్తి అన్నారు, కొందరు పిసినారితనం అన్నారు. నన్నడిగితే రెండూ కాదు. ఆయనకు పప్పు అలా ఉడికితేనే ఇష్టం.

ఊక పొయ్యి ఎరగనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. రేకు డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి చుట్టూ మిల్లు ఊకను గట్టిగా కూరుతారు. తర్వాత రోకలిని మెల్లగా పైకి లాగేస్తే నడుమ గొట్టంలాగా ఖాళీ మిగులుతుంది. కింది కన్నంలో నిప్పు పెడితే ఆ ఊక లోలోపలే అంటుకుంటూ గంటల తరబడి కాలుతుంది. ఊదక్కర్లేదు, కట్టెలు ఎగదొయ్యక్కర్లేదు. కదిలించకుండా ఉండాలి, అంతే.

నా పేరు రాహేలు. ఊరి బళ్ళో టీచర్ని, స్త్రీల సమాజంలో సభ్యురాలిని. నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అంటారు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆ కోపాన్ని దాచుకునే ఉద్దేశం నాకేమీ లేదు.

ఆ ఏడు అయ్యగారి దగ్గర శిష్యరికం చెయ్యడానికి జీవరత్నం అనే యువకుడు వచ్చాడు. త్వరలో పాస్టరు కావలసినవాడు. మంచివాడే, గొంతు కూడా బాగుంటుంది. క్రిస్మస్ ఏర్పాట్లన్నీ అయ్యగారు అతనికే అప్పజెప్పారు. ఆరాధన అయ్యాక సంఘమంతా పందిట్లో కలిసి తినే భోజనాన్ని మేం ప్రేమవిందు అంటాం. మా విందు అంటే ఎప్పుడూ అన్నం, పప్పు, ఓ కూర, మజ్జిగ. జీవరత్నం పక్క ఊరి చర్చిలో ముందస్తు క్రిస్మస్‌కి వెళ్ళి, అక్కడి వడ్డనలు చూసి వచ్చాడు. ఇంకేముంది, మన విందు వాళ్ళకి తీసిపోకూడదన్నాడు. పైగా ఆ ఊరి పెద్దలను కూడా పిలిచొచ్చాడు. గారెలు, బూరెలు, పులిహోర, పరమాన్నం, రెండు రకాల కోడికూర. చెప్పడానికి ఎంతసేపు? నోరు తెరిస్తే చాలు. చెయ్యవలసింది మేము.

మగవాళ్ళకు కొత్త చొక్కాలు, పాటల సాధన, నక్షత్రాలు కట్టడం. ఆడవాళ్ళకు చర్చి వెనక రేకుల షెడ్డు. పండుగ నాలుగు రోజులుందనగానే షెడ్డులో అరుపులు మొదలయ్యాయి. పప్పు నానలేదని అరుపు, కొబ్బరి తురమలేదని అరుపు. ఇద్దరు తోడికోడళ్ళు బెల్లం పాకం దగ్గర మాటా మాటా అనుకుని మాట్లాడుకోవడం మానేశారు. ఆరాధన జరుగుతుంటే మేం వెనక పొయ్యిల దగ్గర ఉండడం కొత్తేమీ కాదు, ఏటా ఉండేదే. పాట వినబడితే గరిటె పట్టుకునే గొంతు కలుపుతాం. అదే మా ఆరాధన. దీన్ని ఎవరూ ఒక విషయంగా కూడా అనుకోలేదు.

అన్నిటికంటే నా ఒళ్ళు మండించింది గారెల సంగతి. గారెలంటే మా ఊళ్ళో దీనమ్మే. దీనమ్మ కూతురు సువర్ణకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు క్రిస్మస్ ఆరాధనలోనే బాప్తిస్మం. మా సంఘంలో బిడ్డను నీళ్ళ దగ్గరికి ఎత్తుకొచ్చేది అమ్మమ్మ. “ఈ బిడ్డ పేరేమిటి?” అని అయ్యగారు అడిగితే చెప్పేది కూడా అమ్మమ్మే. అప్పటిదాకా ఆ పేరు బయటపెట్టరు. సంఘమంతా మొదటిసారి ఆమె నోటి వెంటే వినాలి. దీనమ్మ ఆ పేరును నెల రోజులుగా గుండెల్లో పెట్టుకుని తిరుగుతోంది. సువర్ణ బాప్తిస్మం నాడు కూడా ఆమె షెడ్డులోనే ఉందట, అప్పుడు బూరెల పని.

పండుగ ముందురోజు మధ్యాహ్నం, నా ఎదురుగానే, దీనమ్మ జీవరత్నాన్ని అడిగింది. “బాబూ, బాప్తిస్మం అయ్యేదాకా నన్నొదిలెయ్. అయిన మరుక్షణం వచ్చి బాండీ ముందు కూర్చుంటాను.”

“గారెలు వేడివేడిగా విస్తట్లో పడాలి కదమ్మా. మీ చెయ్యి ఇంకెవరికొస్తుంది? పేరు పాప పిన్ని చెబుతుందిలెండి. ఫోటోలు తీయిస్తాంగా, తీరిగ్గా చూద్దురుగాని.”

తీరిగ్గా చూద్దురుగాని. ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో ఏ చెడ్డతనమూ లేదు. ఆమె చేతివంటను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. నాకు మరీ కోపం వచ్చింది అందుకే. దీనమ్మ “సరే బాబూ” అని, చేతులు కొంగుకు తుడుచుకుని, మినప్పప్పు కడగడానికి వెళ్ళింది. కాసేపటికి చూస్తే పప్పు ఎప్పుడో తెల్లగా అయిపోయింది, ఆమె ఇంకా కడుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం పాలు ఇచ్చే వంకతో అయ్యగారి గదికి వెళ్ళాను. ఆయన వాకిట్లో కూర్చుని ఊక కూరుతున్నారు. జరిగిందంతా చెప్పేశాను. చెప్పి ఊరుకుంటే సరిపోయేది, నా నోరు ఊరుకోదు కదా. “అతన్ననడం ఎందుకు, మీకు మాత్రం ఇన్నేళ్ళూ కనబడలేదా అయ్యగారూ? మీరు ముందు నిలబడి దీవెన ఇస్తుంటే మేం వెనక ఉల్లిపాయలు తరుగుతున్నాం. సంఘం అంటే మీ కళ్ళకు బెంచీల మీద కూర్చున్నవాళ్ళేనా?” అన్నాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. నన్ను కసురుతారనుకున్నాను. కసరలేదు. “కనబడలేదమ్మా,” అన్నారు. సాకు చెప్పనందుకు ఆయన మీద కొంచెం, కొంచెమే సుమా, గౌరవం మిగిలింది.

అంతలో జీవరత్నం వచ్చాడు. పందిరివాడి మీదా మైకువాడి మీదా అరిచి అరిచి గొంతు బొంగురు పోయింది. అరుగు మీద కూలబడి, “అయ్యగారూ, రేపు ప్రభువు పుట్టినరోజు. పొద్దుట్నుంచీ నా నోటి వెంట ఒక్క మంచి మాట రాలేదు. పండుగ పనులు చేస్తూ మనసు కుదురుగా ఉంచుకోవడం ఎట్లాగండీ?” అని అడిగాడు. అంత కష్టపడుతున్నది తనే అన్నట్టు అడిగాడు. నేను పళ్ళు బిగబట్టుకున్నాను. అయ్యగారు జవాబు చెప్పలేదు. “షెడ్డు మూల పాత ఊక పొయ్యిలు పడున్నాయి, పట్టుకురా,” అన్నారు. అతను తెచ్చాడు. వాటన్నిటికీ ఊక కూరించారు. కూరడం పూర్తయ్యాక, “పొద్దున చెబుతాను, పోయి పడుకో,” అన్నారు.

తెల్లారింది. షెడ్డులో అందరం తలో పని మీద ఉన్నాం. జీవరత్నం తెల్ల చొక్కాతో, నూనె పెట్టి దువ్విన తలతో హడావుడిగా తిరుగుతున్నాడు. ఆ ఉదయం క్రిస్మస్ సందేశం అతనిదే, మొట్టమొదటిది. వినడానికి తెనాలి నుంచి వాళ్ళమ్మా నాన్నా వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. మొదటి గంట కొట్టారు. దీనమ్మ బాండీలో నూనె పోసి, పిండిలో చెయ్యి పెట్టబోతోంది. అప్పుడు తెల్ల అంగీతో అయ్యగారు షెడ్డులోకి వచ్చారు. అక్కడ ఆయన్ని అలా చూడడం మాకదే మొదలు. వంగి, దీనమ్మ బాండీ కింద మండుతున్న కట్టెలను ఒక్కొక్కటే బయటికి లాగి ఇసుకలో గుచ్చారు.

“లేవండమ్మా, అందరూ. మొహాలు కడుక్కుని లోపలికి రండి. పిండి ఇళ్ళకు పట్టుకుపోయి రేపు అట్లు పోసుకుందురుగాని. కోళ్ళకు ఇవాళ ఆయుష్షుంది.”

జీవరత్నం గబగబా ఆయన పక్కకొచ్చాడు. “మరి విందు? పక్క ఊరి పెద్దలు వస్తున్నారండీ,” అన్నాడు.

అయ్యగారు షెడ్డు ముందు వరసగా ఉన్న ఊక పొయ్యిల వైపు చూపించారు. మా హడావుడిలో మేం చూడనేలేదు, అప్పటికే నిప్పు పెట్టి ఉన్నాయి. వాటి మీద పెద్ద దబరలలో కందిపప్పు, దోసకాయ ముక్కలు. “పప్పు దానంతటదే ఉడుకుతుంది. అన్నం ఆరాధన అయ్యాక అందరం కలిసి వండుకుందాం. ఎవరో ఒకరు ఇక్కడ కాపలా ఉండాలి, కుక్కలు రాకుండా. నువ్వుండు. చెయ్యి మాత్రం పెట్టకు.”

“నా సందేశం అయ్యగారూ? మా అమ్మ వచ్చింది.”

“సందేశం నేను చెబుతాలే,” అన్నారు బర్నబా అయ్యగారు. “ఫోటోలు తీయిస్తాంగా, తీరిగ్గా చూద్దువుగాని.”

అతని మొహం ఎర్రబడింది. ఒక్కసారి దీనమ్మ వైపు చూశాడు, తల దించుకున్నాడు. నాకు జాలి వేసిందని చెప్పాలేమో. వెయ్యలేదు. దీనమ్మకే వేసింది. “పాపం, వాళ్ళమ్మ ఎదురుచూస్తుందేమోనండీ,” అని గొణిగింది. నేను ఆమె జబ్బ పట్టుకుని చేతుల పిండి కడిగించి, నా చీర కొంగుతోనే మొహం తుడిచి లోపలికి లాక్కుపోయాను. మేమంతా ఒక్కసారిగా లోపలికి వచ్చేసరికి చర్చిలో చోటు చాల్లేదు. మగవాళ్ళు లేచి గోడల వెంట నిలబడ్డారు. నిలబడనీ అనుకున్నాను.

పాటలయ్యాయి, బాప్తిస్మం వేళయింది. సువర్ణ బిడ్డను తల్లి చేతుల్లో పెట్టింది. దీనమ్మ నీళ్ళ దగ్గరికి నడిచింది. సరిగ్గా అప్పుడే వెనక కిటికీల్లోంచి పొగ రావడం మొదలైంది. పలచగా కాదు, దట్టంగా, ఊక పొగ. మేమంతా దగ్గుతున్నాం, కళ్ళు మండుతున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు. దీనమ్మ ఒక్కతే దగ్గలేదు. జన్మంతా పొగలోనే ఉన్న మనిషి, ఆమెకదొక లెక్కా? “ఈ బిడ్డ పేరేమిటి?” అని అయ్యగారు అడిగారు. ఆమె తొందరపడలేదు. బిడ్డ మొహం మీది గుడ్డ సర్ది, ఊపిరి తీసుకుని, చివరి గోడ దగ్గరివాళ్ళకు కూడా వినబడేలా, “నిరీక్షణ,” అంది. తర్వాత ఇంకోసారి, ఎవరూ అడక్కుండానే, “నిరీక్షణ,” అంది. నేను ఏడ్చాను. సంతోషంతో మాత్రమే కాదు, సొంత కూతురు సువర్ణ బాప్తిస్మం చూడనైనా చూడలేకపోయిందే అన్న కోపంతో కూడా.

ఆరాధన ముగిసి బయటికి వస్తే, షెడ్డు ముందు జీవరత్నం నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా మసి, కళ్ళు ఎర్రగా, చేతిలో పొడుగాటి కర్ర. పైకి మంట కనబడక, పొయ్యి ఆరిపోయిందనుకుని ఎగదోశాడట. ఊక గోడ కూలి నడిమి ఖాళీ పూడుకుపోయింది. ఒకటి పాడయ్యేసరికి కంగారుపడి మిగతావీ కెలికాడు. పప్పు పలుకు పలుకుగా ఉంది. పక్క ఊరి పెద్దలు అప్పటికే వచ్చి పందిట్లో కూర్చున్నారు. మాకు తల కొట్టేసినట్టయింది.

అయ్యగారు అంగీ విప్పి కొక్కానికి తగిలించారు. గొంతుక్కూర్చుని పొయ్యిల్లోని పాత ఊక దులిపి, కొత్త ఊక కూరడం మొదలుపెట్టారు. తొందర లేదు, చిరాకూ లేదు. జీవరత్నం ఎదురుగా కూర్చుని రోకలి నిటారుగా పట్టుకున్నాడు. వాళ్ళమ్మగారు వచ్చి కొడుకు పక్కనే కూర్చుని టమాటాలు తరగసాగింది. అది చూసి పెద్దలు కొందరు లేచి బియ్యంలో రాళ్ళేరారు, కడిగారు. ఆకలి వేస్తోందని ఎవరో గొణిగితే వాళ్ళ చేతికీ ఓ కత్తిపీట ఇచ్చాను. పందిరి నడుమ కుర్చీలో దీనమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అలవాటు చొప్పున రెండుసార్లు లేవబోయింది. రెండుసార్లూ నేను కళ్ళురిమాను.

పొయ్యిలు మళ్ళీ అంటుకున్నాయి. దబరలు ఎక్కాయి. ఇక చెయ్యవలసింది ఏమీ లేదు. జీవరత్నం నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. “అయ్యగారూ, నిన్న నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. మనసు కుదురుగా ఉంచుకోవడం ఎట్లా అని.”

అయ్యగారు దబర మీద మూత సరిచేసి, అతని ఒళ్ళో ఇంకా ఉన్న కర్రను తీసుకుని పక్కన పెట్టారు.

“నువ్వు కెలికేదాకా బాగానే ఉడికింది, జీవరత్నం,” అన్నారు.