రేగమ్మ పాతిన పది గింజలు

అనగనగా ఇప్పచెట్ల అడవి ఒకటి ఉండేది, పిల్లలూ. ఆ అడవిలో అన్నిటికంటే పెద్దది కొండ కాదు, చెట్టూ కాదు. కొండవ్వ అనే ముసలి ఏనుగు.

కొండవ్వ ఒళ్ళు ఎంత పెద్దదో మతి అంతకంటే పెద్దది. ఏ వాగులో ఏ నెలదాకా నీళ్ళు నిలుస్తాయో ఆమెకు తెలుసు. ఏ కొమ్మ ఏ ఏడు కాసిందో తెలుసు. ఆమె నడిచి వస్తుంటే జంతువులన్నీ పక్కకు జరిగి తలెత్తి చూసేవి. రేగమ్మ అనే ఉడుత అయితే కొమ్మమీద కదలకుండా కూర్చుండిపోయేది. "ఇంత అడవీ ఆ ఒక్క తలలో ఎలా పట్టిందో" అనుకునేది.

ఒక ఏడు వానలు పడలేదు. వాగులు ఎండాయి. మడుగులో మోకాలిలోతు నీళ్ళు మిగిలాయి. అయినా ఎవరూ బెంగపడలేదు.

"కొండల నడుమ తల్లిఊట ఉంది కదా. కొండవ్వ తీసుకెళ్తుంది" అన్నారు.

తల్లిఊట ఎన్నడూ ఎండదు. ఎప్పుడో చిన్నతనంలో, ఇలాంటి కరువులోనే, కొండవ్వను వాళ్ళ అమ్మమ్మ అక్కడికి నడిపించుకుని వెళ్ళింది. ఆ దారి చూసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది కొండవ్వ ఒక్కతే.

ఒక ఉదయం అందరూ ఆమె వెనకాల బయలుదేరారు. మూడు దారులు కలిసేచోట కొండవ్వ ఆగింది. తొండం ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది.

"ఏమైందవ్వా?" అని అడిగింది ఒక గున్న ఏనుగు.

"దారి కళ్ళముందే ఉన్నట్టుంది నాయనా. అడుగు వేద్దామంటే జారిపోతోంది" అంది కొండవ్వ. అందరివైపూ తిరిగి, "నేను మరిచిపోయాను" అంది.

రేగమ్మ ఒళ్ళు జలదరించింది. ఎదురుగా కొండ విరిగిపడినా ఆమెకు అంత భయం వేసేది కాదు. ఎందుకంటే ఈ మధ్య రేగమ్మకూ తాను దాచుకున్న గింజలు దొరకడం లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పిల్లలకు కూడా.

ఆ అడవికి వైద్యుడు ఆకులయ్య. ఆయనొక ముంగిస. పాముకాటుకు ఆకు తెలిసిన వంశం. మరునాడు ఆయన ఇప్పచెట్టు కింద అందరినీ పిలిచాడు.

"మతిగడ్డ అని ఒక గడ్డ ఉంది. మరపుకు పనిచేస్తుందని మా తాత అనేవాడు. పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. నేను తాగి చూశాను, చావలేదు. అంతవరకే తెలుసు" అన్నాడు. "ఊరికే కొండవ్వకు పోయలేను. ఈ వయసులో వికటిస్తే ఆమె ప్రాణం పోతుంది. ముందు నలుగురు ఉడుతలు కావాలి. గింజలు దాచి వెతుక్కునే అలవాటు మీకే ఉంది కాబట్టి మతి పెరిగిందో లేదో మీ దగ్గరే తేలుతుంది. వచ్చినవాళ్ళకు రోజుకు దోసెడు ఇప్పపూలు కూలి."

దోసెడు ఇప్పపూలు. రేగమ్మ చెట్టు ఆ ఏడు కాయలేదు. తొర్రలో ముగ్గురు పిల్లలు. ఆమె కొమ్మ దిగి ముందుకు వచ్చింది. ఆమెతోపాటు ముసలి గరికయ్య, బొద్దుగా ఉండే పొట్టక్క, కుర్రాడు నల్లతోక వచ్చారు.

"మూడు సంగతులు చెబుతాను. విన్నాకే ఒప్పుకోండి" అన్నాడు ఆకులయ్య. "ఒకటి. ఇద్దరికి మతిగడ్డ రసం, ఇద్దరికి ఉత్త వేపనీళ్ళు. రెండూ చేదే, రంగూ ఒకటే. ఎవరికి ఏది అన్నది మీకు తెలియదు, నాకూ తెలియదు. పోసేది అలుగు తాత."

ఒంటినిండా పొలుసులున్న అలుగు తాత తల ఊపాడు. ఎవరి దొప్పలో ఏముందో గీసిన తాటాకు రేకు ఆయన కడుపు దగ్గర పెట్టుకున్నాడు. బంతిలా చుట్టుకున్నాడు. ఇక పొద్దున దొప్పల్లో పోయడానికి తప్ప, పులి వచ్చి దొర్లించినా ఆయన విప్పుకోడు.

"రెండు. కడుపు నొప్పి రావచ్చు, కళ్ళు తిరగవచ్చు. వస్తే చెప్పండి. వద్దనిపించిన రోజు మానేయండి. ఎవరూ ఏమీ అనరు. వచ్చిన రోజులకు కూలి వస్తుంది. ఎన్ని గింజలు దొరికినా, ఒక్కటీ దొరకకపోయినా అదే కూలి. మూడు. జరిగింది జరిగినట్టు చెప్పండి. నాకు కావలసింది అదొక్కటే."

ఆ మాటలు రేగమ్మ చెవిన పడ్డాయి కానీ మనసున పడలేదు. ఆమె చూపు ఇప్పపూల బుట్టమీద ఉంది. తడిమట్టి పలకమీద పాదం నొక్కి ఒప్పుదల ఇచ్చింది.

రోజూ పద్ధతి ఒక్కటే. పొద్దున దొప్పలో పోసింది తాగాలి. ఎవరి చోట వాళ్ళు, ఎవరూ చూడకుండా, పది తునికి గింజలు పాతాలి. సాయంత్రం వెతికి తేవాలి. "రసం ఒంటికి పట్టడానికి రెండు రోజులు పడుతుంది. మూడోరోజు లెక్కే లెక్క" అన్నాడు ఆకులయ్య.

మొదటిరోజు రేగమ్మకు మూడు గింజలు దొరికాయి. మిగతావాళ్ళకూ మూడో నాలుగో దొరికాయి. ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

రెండోరోజు నల్లతోకకు ఆరు దొరికాయి. రేగమ్మకు రెండే. పుట్ట చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో. ఇక్కడే, ఈ వేరు పక్కనే అనుకుని తవ్వితే ఉత్త మట్టి.

"రెండేనా పిన్నీ?" అన్నాడు నల్లతోక. "ఇంకో నాలుగు రోజులు పోతే నీ తొర్ర ఎక్కడో నేనే వచ్చి చూపించాలేమో."

"నోరు మూసుకోరా. నీ తల్లికి తొర్ర చూపించింది నేను" అంది రేగమ్మ.

"అప్పట్లో చూపించావులే. ఇప్పుడు చూడు. ఇలాగే తెస్తుంటే ఆకులయ్య మామ నిన్ను రేపటినుంచి రావద్దంటాడు."

వాడు సరదాకే అన్నాడు. రేగమ్మకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. కూలి పోతుందని ఒక భయం. అందరికీ తెలిసిపోతుందని ఇంకొక భయం. రెండోదే పెద్దది.

మూడోరోజు పొద్దున పాతిన ప్రతి గింజమీదా ఆమె ఒక తెల్లటి పలుగురాయి పెట్టింది. సాయంత్రం రాళ్ళన్నీ ఎండలో మిలమిలా మెరుస్తూ పిలిచాయి. పది గింజలూ దొరికాయి. రాళ్ళను కాలితో పుట్ట వెనక్కి తోసేసింది.

లెక్క చూడడానికి అడవంతా వచ్చింది. కొండవ్వ కూడా వచ్చి నిలబడింది. గరికయ్యకు ఏడు. నల్లతోకకు ఎనిమిది. పొట్టక్కకు మూడు. రేగమ్మకు పది.

"పదికి పదీ!" అన్నారందరూ. రేగమ్మ తోక తనంతట తానే పైకి లేచింది. నల్లతోక నోరు తెరుచుకుని చూశాడు. ఆకులయ్య మీసాలు వణికాయి. "నిన్న రెండు, ఇవాళ పది. మా తాత చెప్పింది నిజమే కాబోలు" అన్నాడు. "తాతా, ఇక విప్పుకో."

అలుగు తాత మెల్లగా విప్పుకున్నాడు. రేకు తీసి చూశాడు. "రసం తాగింది గరికయ్య, నల్లతోక. వేపనీళ్ళు తాగింది పొట్టక్క, రేగమ్మ" అన్నాడు.

ఆకులయ్య ముఖం పాలిపోయింది. నేలమీద గీతలు గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు.

"రసం తాగినవాళ్ళకు ఇద్దరికీ కలిపి పదిహేను. నీళ్ళు తాగినవాళ్ళకు పదమూడు" అన్నాడు చివరికి. "అందరికంటే ఎక్కువ తెచ్చింది నీళ్ళు తాగిన రేగమ్మే. నీళ్ళతోనే ఇంత మతి వచ్చినప్పుడు ఇక ఆ గడ్డలో ఏముంది? ఈ కాస్త తేడాకు కొండవ్వ ప్రాణం పణం పెట్టలేను. మందు లేదవ్వా. నన్ను మన్నించు."

మిగిలిన ఒక్క గడ్డనూ పారేయడానికి చేతిలోకి తీసుకున్నాడు.

"నీ తప్పేముంది ఆకులయ్యా" అంది కొండవ్వ. "వెతికావు, దొరకలేదు. నా మతి పోతే పోయింది. ఈ గున్నలకు దారి చెప్పకుండా పోతున్నానే అనే నా బాధ."

రేగమ్మ ఆమెవైపు చూసింది. అంత పెద్ద ప్రాణి. అందరిముందూ "మరిచిపోయాను" అని చెప్పిన ప్రాణి. ఆ చిన్న కళ్ళలో తడి ఉంది. ఆ కళ్ళముందు రేగమ్మకు తాను గింజకంటే చిన్నదాన్ననిపించింది. అప్పుడు అర్థమైంది. తన అబద్ధం తన తొర్రలోనే ఉండిపోలేదు. మంచి మందును అది పారేయిస్తోంది. మడుగులో నీళ్ళు ఇంకో అయిదారు రోజులకే సరిపోతాయి.

"ఆ గడ్డ పారేయకండి వైద్యుడుగారూ" అంది.

అందరూ తిరిగి చూశారు.

"ఆ పదీ నా మతికి దొరికినవి కావు. రాళ్ళు గుర్తు పెట్టుకున్నాను. పుట్ట వెనకాల ఉన్నాయి, చూడండి. నేను మరిచిపోతున్నాను. చాలా రోజులనుంచీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. కొండవ్వ ఆ వైపు ఒకసారి చూసింది. నవ్వు ఆగిపోయింది.

ఆకులయ్య కోప్పడలేదు. "నాలుగోరోజు వేపనీళ్ళు తాగుతావా రేగమ్మా?" అని అడిగాడు. "ఈసారి రాళ్ళు లేకుండా."

"తాగుతాను. ఈ కూలి నాకు వద్దు."

"కూలి సంగతి తరవాత. ముందు గింజలు."

మరునాడు రేగమ్మ వేపనీళ్ళు తాగింది. పది గింజలు పాతింది. సాయంత్రం అడవంతా చూస్తుండగా వెతికింది. వేరు పక్కన తవ్వింది. లేదు. పుట్ట పక్కన తవ్వింది. ఒకటి దొరికింది. పొద్దు కొండ అంచుకు చేరేసరికి ఇంకొకటి దొరికింది. అంతే. ఆ రెండూ తెచ్చి ఆకులయ్య ముందు పెట్టింది. తలెత్తలేకపోయింది.

ఆకులయ్య ఆ రెండు గింజలనూ రత్నాలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"రెండు" అన్నాడు. "నీళ్ళకు రెండు, మూడు. రసానికి ఏడు, ఎనిమిది. అవ్వా, మందు ఉంది. ఈ రెండు గింజలు చెబుతున్నాయి."

"నేను తాగింది ఉత్త నీళ్ళే కదా" అంది రేగమ్మ, అర్థంకాక.

"నీళ్ళు తాగినవాళ్ళు మరిచిపోయారు కాబట్టే కదమ్మా, రసం తాగినవాళ్ళకు గుర్తుందని తెలిసింది. ఈ మందులో సగం నల్లతోకది, గరికయ్యది. సగం నీది, పొట్టక్కది."

రేగమ్మ తన ఖాళీ పాదాలవంక చూసుకుంది. తన మరపు కూడా ఒకరికి పనికివస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కొండవ్వ మూడు రోజులు రసం తాగింది. నాలుగోరోజు పొద్దున మూడు దారులు కలిసేచోట నిలబడింది. కళ్ళు మూసుకుంది. అడవిలో ఆకు కదలలేదు. ఆమె తొండం మెల్లగా ముందుకు చాచింది, ఎదురుగా ఎవరిదో తోక ఉన్నట్టు. చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ తోక పట్టుకుని నడిచినట్టే.

"ఎడమకు" అంది.

నడిచింది. గూని బండ దాటింది. చీలిన కొండ సందులో దూరింది. ఆమె వెనకాల గున్నలు, జింకలు, కోతులు, నెమళ్ళు. అందరికంటే ముందు, ఆమె తలమీద కూర్చుని రేగమ్మ. కాళ్ళకింద ఆ పెద్ద తల వెచ్చగా ఉంది. అరవై ఏళ్ళనాటి ఒక దారి ఆ తలలోంచి అడుగు అడుగుగా బయటికి వస్తోంది. రేగమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది.

మధ్యాహ్నానికి ఒక రాతిగోడ ముందు ఆగారు. కొండవ్వ పాదంతో ఇసుక తోసింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి ఇసుక నల్లబడింది. ఆ నలుపులోంచి నీళ్ళు, చల్లగా, చప్పుడు లేకుండా పైకి వచ్చాయి. దాహంతో వచ్చినవాళ్ళు కూడా వెంటనే తాగలేదు. కాసేపు చూస్తూ నిలబడ్డారు.

అందరూ తాగాక ఆకులయ్య రేగమ్మ దగ్గరికి వచ్చాడు. నాలుగు దోసిళ్ళ ఇప్పపూలు ఆమె ముందు పెట్టాడు.

"మూడోరోజుది వద్దన్నాను కదా" అంది రేగమ్మ.

"వచ్చిన రోజులకు కూలి అని మొదటే చెప్పాను. నువ్వు వింటేగా" అన్నాడు ఆయన. "నీకు కూడా రసం ఇద్దామనుకున్నానమ్మా. గడ్డ అయిపోయింది. వానలు పడి మళ్ళీ మొలవాలి."

"పోనీలెండి. అందాకా నా పలుగురాళ్ళు నాకున్నాయి."

"పెట్టుకో. రాయి పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఆ రాయిని మతి అని నా లెక్కలో చూపించావే, అదే తప్పు."

నల్లతోక తల గోక్కుంటూ వచ్చాడు. "పిన్నీ, రాళ్ళు నేను ఏరి పెడతానులే" అన్నాడు.

కొండవ్వ ఆ మాటలు వింటోంది. "ఆ రాళ్ళు నాకూ కొన్ని కావాలి తల్లీ" అంది రేగమ్మతో. "తిరిగి వెళ్ళేటప్పుడు దారి పొడుగునా పెట్టుకుంటూ పోదాం. ఇంత దారి నా ఒక్కదాని తలలోనే ఉండకూడదు."

అలాగే చేశారు. మూడు దారులు కలిసేచోటునుంచి తల్లిఊట దాకా ఆ అడవిలో ఇప్పటికీ తెల్లరాళ్ళు వరుసగా ఉంటాయి. ఎవరు మరిచిపోయినా, అవి మరిచిపోవు.

నీతి: మరిచిపోవడం తప్పు కాదు, దాన్ని దాచి లెక్క తప్పించడం తప్పు. పదిమంది మేలుకోసం మన ఒంటిమీద మందును పరీక్షించనిచ్చినప్పుడు, జరిగింది జరిగినట్టు చెప్పడమే మన అసలు పని.